రోడ్డు పక్క చెట్టుకు వెల కట్టడం ఎట్లా? నల్లగొండ, పాలమూరు పట్టణాల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్డు వెడల్పు మాట రాగానే మొదట ఎర్ర పెయింటు పడేది చెట్టు మొదలుకే. ఇంటి గోడ పోతే పరిహారం ఉంటుంది, మడిగె పోతే పరిహారం ఉంటుంది. చెట్టు పోతే ఫైల్లో పడేది కట్టెల వేలం డబ్బు మాత్రమే. ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం వింత కాని ఈ జిల్లాల్లో, ఏడాదికి 600–750 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ నేల మీద, ఒక పెద్ద వేపచెట్టు చేసే పనిని కట్టెల లెక్కలో కొలవడం అన్యాయం. వార్డు మీటింగుల్లోనూ కాలేజీ విద్యార్థుల దగ్గరా మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

చెట్టుకు రేటు కట్టడమేంటి? అది తప్పు కాదా?

ఈ మాట ముఖ్యంగా పెద్దవాళ్లు అంటారు. వాళ్ల బాధ నిజమైనదే. రావిచెట్టుకు దారం చుట్టి దండం పెట్టుకునే వాళ్లకు దాని ఖరీదు అడిగితే కష్టంగానే ఉంటుంది. కానీ ఖరీదు మనం కట్టకపోయినా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. ఎస్టిమేటు వేసే ఇంజినీరు దగ్గర తారుకు, కంకరకు, కూలీకి అన్నిటికీ అంకెలుంటాయి. చెట్టు గడి ఖాళీగా ఉంటుంది, ఖాళీ గడిని కూడికలో సున్నా కిందే లెక్కేస్తారు. మనం చేసేది ఆ సున్నాను దిద్దడం. చెట్టు మీద భక్తి దానికి అదనంగా ఉంటుంది, దాన్ని ఎవరూ తీసెయ్యరు.

కట్టెల ధర కాక ఇంకేం లెక్కలోకి వస్తాయి?

నీడ, చుట్టుపక్కల చల్లదనం, దాని వల్ల తగ్గే కరెంటు, నీడలో సాగే బేరాలు, నిల్చుండే మనుషుల ఆరోగ్యం, ఆకులు పట్టే దుమ్ము, వాననీరు నేలలోకి ఇంకడం, చెట్టులో దాచిన కార్బన్, పక్కన ఉన్న ఇళ్ల ధర, పక్షులు, చింతకాయ, నేరేడు పండ్లు, వేప గింజలు. మన ఎండలకు వీటన్నిటిలో ముందు నిలిచేది నీడ. విదేశీ పట్టికల్లో వరస వేరుగా ఉండొచ్చు, ఇక్కడ మాత్రం నీడను వెనక్కి నెట్టిన ఏ లెక్కనూ నేను ఒప్పుకోను.

కట్టెల డబ్బు ఒక్కసారే వస్తుంది, నీడ ఏటేటా వస్తుంది. ఈ ఒక్క తేడా ఫైలు రాసేవాళ్లకు అర్థమైతే సగం పని అయినట్టే.

లెక్క కట్టే పద్ధతులు ఏమున్నాయి? మనకు పనికొచ్చేది ఏది?

ప్రపంచంలో ఎక్కువగా వాడేవి మూడు. అమెరికాలో చెట్ల మదింపుదారులు వాడే, కాండం మందాన్ని బట్టి వెల కట్టే కాండం సూత్రం ఒకటి. బ్రిటన్‌లో మున్సిపాలిటీలు వాడే కావట్ రెండోది. అది కూడా కాండం మందం నుంచే మొదలై, చుట్టూ జనం ఎంత ఒత్తుగా ఉంటారు, చెట్టు అందరికీ కనిపిస్తుందా, ఇంకెన్నాళ్లు బతుకుతుంది అని సవరిస్తుంది. మూడోది అమెరికా అటవీ శాఖ 2006 నుంచి ఉచితంగా ఇస్తున్న ఐ-ట్రీ సాఫ్ట్‌వేర్. అది చెట్టు ఏటా చేసే మేలును విడివిడిగా లెక్కిస్తుంది. న్యూయార్క్ నగరం తన 5,92,130 వీధి చెట్ల మీద ఇదే తరహా లెక్క 2007లో వేయించుకుంటే, చెట్ల మీద పెట్టిన ప్రతి డాలరుకూ 5.60 డాలర్ల మేలు తిరిగొస్తోందని తేలింది. ఆ అంకెను నల్లగొండకు అట్లాగే అంటించకూడదు. అక్కడి చెట్లు వేరు, కరెంటు రేటు వేరు, చలికాలం వేరు.

టేపు ఒక్కటే చేతిలో ఉన్న మనకు కాండం సూత్రం తేలిక. ఇట్లా చేయండి. నర్సరీలో దొరికే పెద్ద మొక్క, చుట్టుకొలత 15 సెంటీమీటర్లు అనుకుందాం. కొనడం, గుంత, ఎర్రమట్టి, ట్రీగార్డు, నాటే కూలీ అన్నీ కలిపి 3,000 రూపాయలు అనుకుందాం (ఇది ఉదాహరణకే, మీ ఊరి రేటు వేసుకోండి). ఇప్పుడు మీ వీధి వేప చుట్టుకొలత 150 సెంటీమీటర్లు ఉంది. చుట్టుకొలత పది రెట్లయితే కాండం అడ్డుకోత వైశాల్యం వంద రెట్లవుతుంది. అంటే మూల విలువ 3,00,000 రూపాయలు. కాండంలో కొంచెం తొర్ర ఉంది, కొమ్మలు ఒకవైపు నరికేశారు, కాబట్టి ఆరోగ్యానికి 0.7. రద్దీ రోడ్డు మీద ఉంది కానీ మరీ బస్టాప్ దగ్గర కాదు, కాబట్టి స్థలానికి 0.8. మూడు లక్షలను ఈ రెండిటితో గుణిస్తే 1,68,000 రూపాయలు.

ఇది చెట్టు అమ్మకం ధర కాదు. అలాంటి చెట్టును మళ్లీ తెచ్చుకోవాలంటే అయ్యే ఖర్చుకు దగ్గరి అంచనా.

చుట్టుకొలత ఎక్కడ కొలవాలి?

నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే దాదాపు ఛాతీ ఎత్తులో. దర్జీ టేపు చాలు. ఆ ఎత్తులో బుడిపె ఉంటే కొంచెం పైనో కిందో కొలిచి ఆ సంగతి రాయండి. అంతకు కిందే రెండు కాండాలుగా చీలితే రెండూ విడిగా కొలవండి. మర్రి ఊడలు కాండంలో కలిసిపోయిన చోట ఈ కొలత పెద్దగా నమ్మదగ్గది కాదు, అక్కడ గొడుగు, అంటే కొమ్మలు పరుచుకున్న వెడల్పు, కొలతే మేలు.

నీడను రూపాయల్లోకి ఎట్లా మారుస్తారు?

ఏప్రిల్‌లో ఏదైనా బస్టాండు బయట ఒక పూట నిలబడి చూడండి. ముంజలమ్మే ఆమె పొద్దున తట్ట రోడ్డు అంచున పెట్టుకుంటుంది. పదకొండు కాకముందే చెట్టు కిందికి జరుగుతుంది. పన్నెండింటికి కాండానికి ఆనుకుని కూర్చుంటుంది. మూడింటికి తట్ట తూర్పు పక్కకు వచ్చి ఉంటుంది. నీడ ఎటు పోతే బేరం అటు పోతుంది. ఆటోలూ అంతే, చెప్పులు కుట్టేవాళ్లూ అంతే, పొద్దున అడ్డా మీద పని దొరకక మిగిలిపోయిన కూలీలూ అంతే.

దీన్ని లెక్కించడానికి రెండు దార్లున్నాయి.

మొదటిది, ఆ నీడనే మనం కట్టాలంటే ఎంతవుతుందో చూడటం. చెట్టు గొడుగు అడ్డంగా 8 మీటర్లుంటే నీడ 50 చదరపు మీటర్లు. అంత మేర రేకుల షెడ్డుకు చదరపు మీటరుకు 2,000 చొప్పున లక్ష రూపాయలు అనుకుందాం. పదిహేనేళ్లు ఆగుతుందనుకుంటే ఏడాదికి దాదాపు 6,700. ఇది కనీసపు అంకె, ఎందుకంటే రేకు నీడ చెట్టు నీడ కాదు. రేకు కాగి కిందికి సెగ కొడుతుంది. ఆకు నీళ్లను ఆవిరి చేసి తన వేడిని తాను తగ్గించుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.68 కరెంటు యూనిట్లంత వేడిని లాగేస్తుంది. నీరందే పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్లు వదిలితే 68 యూనిట్లు. ఆ చల్లదనం గాలిలో చెదిరిపోతుంది కాబట్టి దాన్ని ఏసీ బిల్లుతో సమానం చేసి రాయొద్దు, చెట్టుకు రేకుల షెడ్డు సాటి రాదని చెప్పడానికి వాడుకోండి.

రెండోది, నీడ లేకపోతే పోయే సంపాదనను చూడటం. చెట్టు కింద నలుగురు బండ్లవాళ్లున్నారు. నీడ లేకపోతే ఎండాకాలంలో 60 రోజులు, రోజుకు మూడు గంటలు బేరం మూసుకోవాలి. గంటకు 80 రూపాయలు మిగులుతాయని వాళ్లే చెప్పారనుకుందాం. ఒక్కొక్కరికి 14,400, నలుగురికి 57,600. ఇక్కడ జాగ్రత్త కావాలి. నలుగురిలో ఇద్దరు పక్క చెట్టు కిందికి పోగలిగితే వాళ్ల నష్టం కలపకూడదు. కొనేవాళ్లు ఇంకో బండి దగ్గర కొంటారు, కాబట్టి ఊరి మొత్తానికి పోయింది ఇంకా తక్కువ. కానీ ఎటూ పోలేని మిగతా ఇద్దరి ఇంటికి పోయింది పోయినట్టే, ఆ సంగతి అంకె పక్కన మాటల్లో రాయండి.

ఈ రెండు దార్ల ఫలితాలనూ కలపొద్దు. ఒకే నీడను రెండుసార్లు అమ్మినట్టవుతుంది.

ఇంటి ముందు చెట్టుంటే కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ చెట్టు ఏ దిక్కున ఉందన్న దాన్ని బట్టి. అమెరికాలోని శాక్రమెంటోలో 460 ఇళ్ల బిల్లులు చూసిన 2009 అధ్యయనంలో పడమర, దక్షిణం వైపు చెట్లున్న ఇళ్లకు వేసవిలో 185 యూనిట్లు, అంటే 5.2 శాతం తగ్గింది. అది మనకన్నా చాలా ఉత్తరాన ఉన్న ఊరు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. మే రెండో వారానికి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాబట్టి మన ఎండాకాలంలో దక్షిణపు చెట్టు గోడకు పెద్దగా అక్కరకు రాదు. పడమటి గోడను కాచే చెట్టు బంగారం, ఆ తర్వాత తూర్పు. స్లాబును కప్పే పెద్ద గొడుగు ఉంటే అన్నిటికన్నా మంచిది.

మీ గల్లీలో లెక్క తీయాలంటే ఒకే రకం ఇళ్లు ఎంచుకోండి. పడమర చెట్టున్నవి కొన్ని, లేనివి కొన్ని తీసుకుని మార్చి నుంచి జూన్ వరకు యూనిట్లు పోల్చండి. రూపాయలు పోలిస్తే స్లాబు రేట్ల వల్ల తేడా తప్పుగా కనిపిస్తుంది.

చెట్టు ఇచ్చే ఆక్సిజన్ లక్షల విలువ అంటారు కదా. అది ఎందుకు కలపరు?

ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను, ఆక్సిజన్‌ను కలపొద్దు.

కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన టి.ఎం. దాస్ 1979లో వేసిన లెక్క మన దేశంలో అందరి నోటా ఉంది. యాభై ఏళ్లలో ఒక చెట్టు సేవ విలువ 15.70 లక్షల రూపాయలు, అందులో ఆక్సిజన్ వాటా 2.5 లక్షలు. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయలని చెప్పినట్టు 2021లో వెల్లడైంది. అందులో 45,000 ఆక్సిజన్‌దే. ఆ రెండు ప్రయత్నాల మీదా నాకు గౌరవం ఉంది, చెట్టుకు సున్నా కాని అంకె ఉండాలని దేశానికి చెప్పింది వాళ్లే. కానీ గాలిలో 21 శాతం ఆక్సిజన్ ముందే ఉంది. వీధిలో వంద చెట్లు పోయినా అది కొలతకు అందేంత తగ్గదు. చెట్టు తాను కూడా కొంత వాడుకుంటుంది, రాలిన ఆకు కుళ్లేటప్పుడు మరికొంత పోతుంది. అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు డేవిడ్ నోవాక్, ఆయన సహచరులు 2007లో ఈ సంగతే రాశారు, పట్టణ చెట్ల మేళ్లలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గది కాదని. ఆసుపత్రి సిలిండర్ ధరతో గుణించిన అంకెను కాస్త సైన్సు తెలిసిన ఆఫీసరు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు. దానితోపాటు నీడ అంకెనూ నమ్మడు. తక్కువైనా నిలబడే అంకెనే ఇవ్వండి.

మరి కార్బన్?

కలపొచ్చు, కానీ ఏ ధరతో కలిపారో చెప్పి తీరాలి. మన 150 సెంటీమీటర్ల వేపనే తీసుకుందాం. ఎత్తు 10 మీటర్లు. ఉష్ణమండల చెట్లకు వాడే సాధారణ సూత్రంతో, వేళ్లు కూడా కలిపి, ఎండు బరువు ఒక టన్నుకు కొంచెం ఎక్కువ. అందులో దాదాపు 47 శాతం కార్బన్. దాన్ని 3.67తో గుణిస్తే దాదాపు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్. టన్నుకు 10 డాలర్లు వేస్తే, డాలరు 85 రూపాయల లెక్కన, 1,500 రూపాయలు. అమెరికా పర్యావరణ సంస్థ 2023లో లెక్కించిన సామాజిక నష్టం ధర (ఒక టన్ను గాలిలో కలిస్తే లోకానికి జరిగే నష్టం) 190 డాలర్లు వేస్తే 29,000. చెట్టు అదే, ధర ఎంపిక వల్ల విలువ పంతొమ్మిది రెట్లు మారింది. వీధి చెట్టును కార్బన్ పేరుతో కాపాడాలనుకుంటే వాదన బలహీనంగానే ఉంటుంది.

వాననీరు, దుమ్ము?

రెండూ నిజమైన మేళ్లే. పరికరాలు లేకుండా రూపాయల్లో చెప్పడం కష్టం. మాటల్లో రాయండి, కూడికలో కలపకండి. ఒక్క విషయం మాత్రం చూడండి. కాండం అంచు దాకా సిమెంటు పోసిన చెట్టు వాననీటిని ఇంకించలేదు, తానూ తాగలేదు. మీటరు మేర మట్టి వదిలించడం ఏ లెక్కా అక్కర్లేని పని.

ఒకటి కొడితే పది నాటుతామంటున్నారు. సరిపోదా?

సరిపోదు. ఎందుకో గొడుగు లెక్కతోనే చూడండి. 8 మీటర్ల గొడుగుకు 50 చదరపు మీటర్ల నీడ. కొత్తగా నాటి నిలదొక్కుకున్న మొక్క గొడుగు మీటరు వెడల్పు ఉంటే దాని నీడ 0.8 చదరపు మీటరు కూడా లేదు. పోయిన నీడకు ఈరోజే బదులు కావాలంటే 64 మొక్కలు, అన్నీ బతికినవే కావాలి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంటోంది. ఆ లక్ష్యం అందినా 64 బతకాలంటే 76 నాటాలి.

తర్వాత కాలం. ఆ పిల్ల చెట్టు ఇరవై ఏళ్లకు పెద్దదవుతుంది అంటారు. 6 శాతం వడ్డీ లెక్కన ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే రూపాయి ఈరోజు 31 పైసలు. 3 శాతమే వేసినా 55 పైసలు. బ్యాంకుకు, ప్రాజెక్టుకు ఈ లెక్క వేసేవాళ్లు మొక్కకు కూడా వేయాలి.

ఇంకా, ఎక్కడ నాటుతున్నారు? గడియారం సెంటరు దగ్గర కొట్టిన చెట్టుకు బదులు బైపాస్ అవతల గుట్ట కింద నాటితే అక్కడి గుట్ట పచ్చబడుతుంది, సంతోషమే. కానీ బస్సు కోసం నిలబడే ముసలమ్మకు ఆ నీడ రాదు. బదులు మొక్కలు అదే వార్డులో, అదే వీధిలో కావాలని అడగండి. మూడు ఎండాకాలాల ట్యాంకరు నీళ్ల ఖర్చు కూడా ఎస్టిమేటులో ముందే రాయించండి.

అన్ని జాతులకూ ఒకే విలువా? కోనోకార్పస్ కూడా చెట్టే కదా?

ఒకే విలువ కాదు. వేప, కానుగ, చింత, రావి, మద్ది, నేరేడు మన ఎండకూ మన నేలకూ అలవాటు పడ్డవి. కానుగ మే నెలలో కూడా పచ్చగా నీడనిస్తుంది, ఒక్క ఆ గుణానికే దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. గుల్మొహర్ పూలు కనువిందు, కానీ కొమ్మ పెళుసు, గాలివానకు విరుగుతుంది, రద్దీ రోడ్డుకు తగదు. కోనోకార్పస్ వేగంగా పెరుగుతుందని నాటేశారు. పుప్పొడితో ఇబ్బంది, వేళ్లతో పైపులకు నష్టం అని గుజరాత్ 2023లో నిషేధించింది, మన దగ్గరా దాన్ని నాటొద్దన్నారు. ఇప్పటికే ఉన్నవాటిని ఒక్కరోజులో కొట్టేసి వీధిని బోడి చేయకండి. పక్కన కానుగ నాటి, అది అందుకున్నాక తీయండి.

చెట్టు వల్ల నష్టాలు కూడా ఉన్నాయి కదా?

ఉన్నాయి, వాటిని తీసివేయకపోతే మన లెక్కకు పరువుండదు. ఆకులు ఊడ్చే కూలీ, తీగల కింద కొమ్మలు కొట్టే ఖర్చు, మోరీలో వేళ్లు, గాలివానకు విరిగే కొమ్మ. వీటిలో చాలావరకు తప్పు చోట తప్పు చెట్టు నాటడం వల్ల వచ్చినవే. తీగల కింద ఎత్తు పెరిగే చెట్టు పెట్టి ఏటా తల నరికితే ఖర్చు తప్పదు, చెట్టూ పుచ్చిపోతుంది.

షాపు బోర్డు కనబడటం లేదని కొట్టించేవాళ్లకు ఒక మాట. గొడుగును పైకి లేపి కింది కొమ్మలు తీయిస్తే బోర్డూ కనిపిస్తుంది, గిరాకీ బండి నీడలోనూ నిలుస్తుంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2010లో వచ్చిన అధ్యయనంలో ముందు వీధి చెట్లున్న ఇల్లు సగటున 8,870 డాలర్లు ఎక్కువ పలికింది. మన దగ్గర అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు, కానీ ఎండాకాలం పార్కింగు ఎక్కడ ముందు నిండుతుందో ప్రతి షాపు యజమానికీ తెలుసు.

పిల్లలమర్రి లాంటి చెట్టుకు ఈ సూత్రం పనిచేస్తుందా?

పనిచేయదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఎకరాల మేర పరుచుకున్న, వందల ఏళ్ల మర్రి. దాన్ని మళ్లీ తెచ్చుకునే ఖర్చు అంటూ లేదు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి సందర్శకులను ఆపేశాక, చెదలు పట్టిన మానుకు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందును చుక్క చుక్కగా ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు ఊతాలు కట్టారు. దాని కట్టెలు ఎంత పలుకుతాయని ఆ రోజు ఎవరూ అడగలేదు. మన వీధిలో నూరేళ్లు నిండిన చింతకు కూడా అదే వరస వర్తించాలి. అలాంటి చెట్టును పట్టికలో వేరే పేజీలో పెట్టి, రూపాయల గడిలో ‘తిరిగి తేలేనిది’ అని రాయండి.

పెకిలించి వేరేచోట నాటితే?

మర్రి, రావి, జువ్వి జాతులు కొమ్మ నాటినా వేళ్లూనుతాయి కాబట్టి జాగ్రత్తగా చేస్తే బతుకుతాయి. తల్లివేరు లోతుగా దిగిన పెద్ద వేప, చింతల విషయంలో ఆశ తక్కువ. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా ఉన్న దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్ల కోసం జనం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. తరలించిన మర్రి బతికినా కొమ్మలన్నీ కోసేసి మోడుగా మారుస్తారు. మళ్లీ ఆ గొడుగు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల నీడ నష్టాన్ని తరలింపు ఖర్చుకు కలపండి.

మా వార్డు చెట్లన్నీ లెక్కించాలంటే?

ఇద్దరికి ఒక టేపు, ఒక ఫోను. చెట్టుకు ఒక నంబరు, జాతి, చుట్టుకొలత, గొడుగు వెడల్పు రెండు దిక్కులా, ఆరోగ్యం, పైన తీగలున్నాయా, మొదట్లో మట్టి ఎంత, ఫోటో, లొకేషన్. మధ్యాహ్నం రెండింటికి ఆ నీడలో ఎంతమంది ఉన్నారో కూడా రాయండి, అన్ని గడుల్లో ముఖ్యమైనది అదే. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల ఎన్ఎస్ఎస్ పిల్లలకు ఇది మంచి పని. ఏప్రిల్‌లోనే చేయండి. వానాకాలంలో లెక్కిస్తే నీడ విలువ కనిపించదు.

ఈ అంకెకు చట్టంలో బలం ఉందా?

నేరుగా తక్కువ. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి, కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టమంటోంది. ఆ డబ్బు కొత్త మొక్కలకే కాక ఉన్న పెద్ద చెట్ల సంరక్షణకు కూడా ఖర్చు చేయాలని వార్డు నుంచి అడగడానికి మీ పట్టిక పనికొస్తుంది. కోర్టుల వైపు చూస్తే, తాజ్‌మహల్ చుట్టూ రక్షిత ప్రాంతంలో అక్రమంగా కొట్టిన 454 చెట్లకు ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానాను 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అది శిక్షగా వేసిన మొత్తం, మదింపు కాదు. అయినా కట్టెల వేలం ధరకు ఎంతో పైన ఉంది.

మా వీధిలో రేపే కొట్టేస్తారట. ఇవాళ ఏం చేయాలి?

ముందు అనుమతి కాగితం చూపించమని అడగండి. ఫోటో తీసుకోండి, అందులో ఎన్ని చెట్లకు అనుమతి ఉందో, నంబర్లు సరిపోతున్నాయో చూడండి. సాయంత్రంలోగా చుట్టుకొలత, గొడుగు కొలిచి, పైన చెప్పిన కాండం లెక్క వేయండి. మున్సిపల్ కమిషనర్‌కూ అటవీ అధికారికీ ఒక పేజీ దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకోండి. అందులో మూడు అడగండి: రోడ్డు మధ్య గీత రెండు మీటర్లు జరిపితే ఈ చెట్టు మిగులుతుందా, మిగలకపోతే ఈ విలువను ప్రాజెక్టు ఖర్చులో చూపిస్తారా, బదులు చెట్లు ఇదే వీధిలో ఎక్కడెక్కడ నాటుతారు. దరఖాస్తు మీద చెట్టు కింద బండి పెట్టుకునే వాళ్ల సంతకాలు ముందుండాలి, కాలనీ పెద్దల సంతకాలు తర్వాత.